అద్దాల డిష్, వేయని తాళం

ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత తగ్గితే మీరు కంపెనీని తిడతారు. తిట్టండి, తప్పులేదు. మా కాలంలో ఆ తిట్లు నేరుగా ఒక మనిషికి తగిలేవి. ఆ మనిషిని నేను. టెలిఫోన్ శాఖలో ముప్పై మూడేళ్లు లైన్‌మన్‌గా పనిచేశాను. చివరి పదకొండేళ్లు నాచారం, ఉప్పల్ లైన్ల మీదే గడిచాయి. ఎండకూ, వానకూ, వీధికుక్కలకూ, కంప్లయింట్ ఇచ్చినవాళ్లకూ సమానంగా భయపడుతూ, సైకిల్ మీద మొదలుపెట్టి స్కూటర్ మీద రిటైరయ్యాను.

మా ఆఫీసు పిల్లలు ఇప్పటికీ కలిసినప్పుడల్లా 'ఆ డిష్ కథ చెప్పు సార్' అంటారు. పాత టీవీ డిష్‌తో నాలుగు వందల గజాల అవతల నుంచి ఇంటర్నెట్ పట్టుకొచ్చిన కథ. చెప్పేవాణ్ని, చప్పట్లు కొట్టించుకునేవాణ్ని. కానీ ఎప్పుడు చెప్పినా సగమే చెప్పాను. ఆ కథ డిష్ దగ్గర మొదలు కాదు. తాళం దగ్గర మొదలవుతుంది. ఆ ముక్క దాచుకున్నది సిగ్గుతోనే. ఇప్పుడు పింఛను మీద ఉన్నాను కనుక సిగ్గుపడి పోయేదేమీ లేదు.

మా ఆఫీసులో ఒక రిజిస్టర్ ఉండేది. ఎవరి ఫోను చెడింది, ఎవరు పోయి చూశారు, ఏం చేశారు, అన్నీ అందులో రాయాలి. వచ్చిన కంప్లయింట్‌ను ఒక్క రోజులో మూసేయాలి. మూయకపోతే పైనుంచి అడుగుతారు. బాగుచేస్తే 'ఓకే' అని రాస్తాం. చేయలేకపోతే ఏం రాయాలి? దానికి మా పెద్దలు ఒక మంత్రం కనిపెట్టి పెట్టారు. 'డోర్ లాక్డ్.' అంటే మేం పోయాం, ఇంటికి తాళం వేసి ఉంది, మా తప్పేమీ లేదు. ఆ రెండు ముక్కలు రాస్తే కంప్లయింట్ మూసుకుపోతుంది. కావాలంటే ఆ ఇంటివాళ్లు మళ్లీ ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చుకోవాలి. చెడిపోయిన ఫోన్‌తో ఎట్లా ఇస్తారని మాత్రం అడగకండి. మా రిజిస్టర్‌ను నమ్మితే నాచారంలో సగం ఇళ్లకు ఏడాది పొడుగునా తాళాలే.

అందరూ రాసేవాళ్లు, నేనూ రాసేవాణ్ని. మొదట్లో కొంచెం గిల్టీగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఒకటి రెండేళ్ల ముందు సంగతి ఇది. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో రైలు స్తంభాల కోసం తవ్వుతున్నారు, నాచారం పోయే దారిలో నీళ్ల పైపుల కోసం తవ్వుతున్నారు. ఎక్కడ గడ్డపార దిగినా కింద ఉండేది మా కేబులే. ఒకనాడు నాచారం దగ్గర పెద్ద కేబుల్ ఒకటి నిలువునా తెగింది. ఒక్క దెబ్బకు ఆ వైపు ఫోన్లన్నీ మూగపోయాయి.

తెగిన కేబుల్‌లో ఏ తీగ ఎవరిదో వెతికి మళ్లీ కలిపేవాణ్ని జాయింటర్ అంటారు. మా జాయింటర్ జనగామ దిక్కు మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద, నేను మామ అని పిలిచేవాణ్ని. గుంతలో దిగి కూర్చుంటే అన్నం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. అందరి తీగలూ ఒక్కసారి కలపడం ఎవరి వల్లా కాదు. రిజిస్టర్‌లో మూయకుండా మిగిలిన కంప్లయింట్లు ఏవో చూసి, ఆ లిస్టు పట్టుకుని ఆయన గుంతలో దిగాడు. రెండు రోజుల్లో లిస్టులో ఉన్నవన్నీ కలిపేశాడు. మూడో రోజు గుంత పూడ్చి, పైన కంకర పోసి రోడ్డు వేసేశారు.

లిస్టులో లేని లైన్లు కొన్ని మట్టి కిందే ఉండిపోయాయి. కేబుల్ తెగిన రోజు సాయంత్రం ఎట్లాగూ పోయి చేసేదేమీ లేదని, నా వాటా కంప్లయింట్లన్నిటికీ కూర్చున్నచోటే 'డోర్ లాక్డ్' అని రాసింది నేనే. అందులో ఒకటి కుట్టు నేర్పే కేంద్రానిది, వాళ్ల ఇంటర్నెట్ కూడా ఆ తీగ మీదే వచ్చేది.

గురువారం పొద్దున ఆ కేంద్రం నడిపే టీచరమ్మ ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి, భువనగిరి పక్క పల్లె నుంచి వచ్చి నాచారంలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. రెండు గదుల్లో కుట్టు మిషన్లు, నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని ఆడవాళ్లకు పని నేర్పిస్తుంది. అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేదని నాకు అప్పుడనిపించింది.

"అన్నా, మాకు వారం సంది నెట్ లేదు. సోమవారం మా ఆడోళ్లకు పరీక్ష ఉన్నది. కంప్యూటర్ల రాయాలె. పదిన్నర లోపల లాగిన్ కాకుంటే సెంటర్ క్యాన్సిల్ చేస్తరట."

"ఇంకో కాడికి పోయి రాయరాదా చెల్లె?"

"మా సెంటర్ల కంప్యూటర్ల మీదనే రాయాలె అన్నా. పాసైతే గార్మెంట్ కంపెనీల పని ఇస్తమన్నరు. ఈసారి పోతే మల్ల ఏడాదికే."

రిజిస్టర్ తీసి చూశాను. నా చేతిరాత నన్నే చూసింది. గబుక్కున మూసి, "ఫికర్ జెయ్యకు చెల్లె, నేనున్న గదా" అన్నాను. తప్పు చేసినవాడికి ధైర్యం చెప్పడం భలే సులువుగా వస్తుంది.

ఆమె పోయాక మామ దగ్గరికి పరిగెత్తాను. విషయం విని ఆయన బీడీ ఆర్పాడు.

"దాని మీద కంకర పోసి రోడ్ ఏసిన్రు. మల్ల తవ్వాలంటే రోడ్డోళ్ల పర్మిషన్ గావాలె, రెండు వారాలు పడ్తది. పర్మిషన్ లేంది గడ్డపార పెడితే మనల్నే అండ్ల పూడుస్తరు."

"జర ముందుగాల కలిపితే అయిపోతుండె గదా మామ."

"లిస్టుల లేంది నేనెట్ల కలుపుత? ఎవడో డోర్ లాక్డ్ అని రాసిండు మరి" అన్నాడు. ఆయన చూపు నా మొహం మీదే ఉంది. నేను చెప్పులు చూసుకున్నాను. ముప్పై ఏళ్లు పక్కపక్కన పనిచేసినవాడికి నా చేతిరాత తెలియదా.

శుక్రవారం ఇద్దరం ఆ కేంద్రానికి పోయాం. సిమ్ పెట్టే డాంగిల్ ఒకటి పట్టుకెళ్లి మొదట అది పెట్టి చూశాం. ఆ సందుకు మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు లేచి ఉన్నాయి. పేజీ సగం తెరుచుకుని ఆగిపోయేది. మిషన్ల ముందు కూర్చున్న ఇరవై మంది ఆడవాళ్లు కుట్టడం ఆపి మా ఇద్దరి చేతుల వంక చూస్తున్నారు. దవాఖానాలో డాక్టరు చేతులు చూసినట్టు చూస్తున్నారు.

వాళ్లలో ఒక లంబాడా ఆమె ఉంది. దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చి, మగడు చర్లపల్లి గోదాముల్లో హమాలీ చేస్తుంటే, తను పన్నెండేళ్లు ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసింది. మంచినీళ్ల గ్లాసు నాకిచ్చి మెల్లగా అడిగింది.

"అయితదా సార్?"

"ఎందుకు గాదమ్మా?"

"వచ్చే నెలకు నాకు ముప్పై ఐదు నిండుతయి. ఆ తర్వాత పరీక్షకు రానియ్యరు. మా బడి సారు కాగితాల రాసిన వయసు సార్ అది, అసలు ఎంతనో మా అమ్మకు గూడ ఎరుక లేదు." చేత్తో నడుం పట్టుకుని, "నా నడుం పోయింది. నాకు కూసోని చేసే పని గావాలె, గంతే" అంది.

గ్లాసు పక్కన పెట్టాను. ఒక సాయంత్రం కుర్చీలోంచి లేవడానికి బద్ధకించి నేను రాసిన రెండు ముక్కలు పోయి పోయి ఎవరి నడుం మీద పడ్డాయో అప్పుడు కళ్లకు కట్టింది.

సిగ్నల్ ఎక్కడైనా దొరుకుతుందేమోనని మేడ ఎక్కాం, పైన కూడా అంతే. అక్కడి నుంచి పడమటి వైపు, ఇళ్ల కప్పుల మీదుగా, నీలం రంగు నీళ్ల ట్యాంకు ఉన్న మేడ ఒకటి కనిపించింది. అది ఒక నర్సు ఇల్లు. టీచరమ్మ వెళ్లే చర్చికే ఆమె కూడా వెళుతుంది, అందరూ సిస్టర్ అంటారు. ఆ ఇంటి ఇంటర్నెట్ లైను వేరే కేబుల్ మీద ఉంది, తెగలేదు. నాకెట్లా తెలుసంటే ఆ లైను లాగింది నేనే. కేక వేస్తే వినపడదు కానీ చెయ్యి ఊపితే కనపడేంత దూరం. వై-ఫై మాత్రం ఆ దూరంలో పదో వంతు కూడా రాదు.

మామ గడ్డం గోక్కున్నాడు. "ఆకాశంల ఉన్న సిగ్నల్‌నే టీవీ డిష్ పట్కొస్తది. గా ట్యాంకు కాడిది పట్టదా?"

ఇట్లా చేయవచ్చని మా ఆఫీసులో ఒక ఇంజనీరు చెప్పగా నేనూ విన్నాను. వై-ఫై పుల్లను, అంటే కంప్యూటర్‌కు గుచ్చే చిన్న యాంటెన్నాను, డిష్ ముందు, టీవీ వాళ్లు డబ్బాలాంటిది బిగించేచోట పెడితే, డిష్ చెల్లాచెదురుగా వచ్చేదాన్ని ఒక్కచోటికి పోగుచేసి దానికి అందిస్తుంది. అంతే సిద్ధాంతం. నాకు తెలిసిందీ అంతే.

శనివారం పొద్దున్నే నాచారం తుక్కు దుకాణంలో అంచు సొట్టపోయిన డిష్ ఒకటి దొరికింది. పాత నీళ్ల పైపు ముక్క ఒకటి మేడ పిట్టగోడకు బిగించి, దానికి డిష్ తగిలించాం. ముందుకు చాచి ఉన్న ఇనుప చేతికి వై-ఫై పుల్లను సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాం. మంచు పడకుండా దాని మీద ప్లాస్టిక్ పచ్చడి డబ్బా బోర్లించాం. ఆ పుల్లకు తగిలించే వైరు పొడుగైతే పనిచేయదు, అందుకని ఒక కంప్యూటర్‌ను మెట్ల గదిలోకి ఎక్కించి, అక్కడి నుంచి కింది మూడింటికి మామూలు వైరు లాగాం. సిస్టర్‌ను బతిమాలి ఆమె మోడెమ్‌ను మేడ మీది గది కిటికీలోకి జరిపించాం. ఆమె అడ్డు చెప్పలేదు, పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసిచ్చింది.

అన్నీ అయ్యాక డిష్ ముఖాన్ని సరిగ్గా ఆ నీలం ట్యాంకుకు ఎదురుగా తిప్పి బోల్టులు బిగించాను. కంప్యూటర్‌లో ఏమీ లేదు. అటు ఇటు వేలెడు తిప్పాను. ఏమీ లేదు. మధ్యాహ్నం దాకా తిప్పాను. ఒక గీత వచ్చి కనబడి, చుట్టం చూపుగా వచ్చినట్టు వెళ్లిపోయింది.

ఆ లంబాడా ఆమె వెలుతురు కోసం మేడ మెట్ల మీద కూర్చుని రవికకు అద్దాలు కుడుతోంది. పరీక్షలో చేతిపని కూడా చూపించాలట. ఒళ్లో అద్దాల బిళ్లలు, పిట్టగోడ మీద వాటి వెలుగు చుక్కలు. కొంతసేపు నన్ను చూసి అంది.

"సార్, అది ట్యాంకు దిక్కు సూస్తలేదు."

"మరి ఎటు సూస్తుంది?"

"పైకి సూస్తుంది. ఆకాశం దిక్కు."

నాకు నవ్వొచ్చింది. ఎదురుగా నిలబడి చూస్తే గోడకు తగిలించిన పటంలా నిటారుగా ఉంది డిష్. "ముప్పై ఏండ్ల సర్వీసమ్మా నాది. నువ్వు నీ అద్దాలు కుట్టుకో" అన్నాను. ఆమె తల దించుకుని సూది గుచ్చింది. చెప్పడానికి కష్టంగా ఉంది కానీ, ఆ రోజు పొద్దుగూకే దాకా నేను తిప్పింది డిష్‌ను కాదు, నా పొగరును.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ పోయాం. టీచరమ్మ చర్చి నుంచి అటే వచ్చింది, అన్నం గిన్నెలు కూడా తెచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట అనకపోవడమే నాకు భయంగా ఉంది. పరీక్షకు ఇంకా ఇరవై గంటలు కూడా లేవు. మామ డిష్ పక్కన చతికిలబడి, "ఇగో, నిన్న గా అమ్మ ఏమన్నదో ఒకపారి ఇందాం. పోయేదేంది, మన సర్వీసు ఏమన్న తరుగుతదా?" అన్నాడు.

ఆమె సెలవైనా కంప్యూటర్ నొక్కడం నేర్చుకోవడానికి వచ్చి ఉంది. పిలిచి, నిన్న అన్నది ఎందుకన్నావని అడిగాను. ఈసారి మర్యాదగానే అడిగాను.

"అద్దం ముంగట ఎల్తురు పెడితే, వచ్చినకాడికే మల్లి పోదు సార్. పైనుంచి వస్తే కిందికి పోతది. దీని చెయ్యి కిందికెళ్లి వచ్చింది, నడిమిట్ల లేదు. మరి కింద ఉన్న చెయ్యిల పడాలంటే ఎల్తురు పైనుంచే రావాలె గదా."

మామా నేనూ మొహాలు చూసుకున్నాం. ఆమె గోంద్ సీసా తెచ్చి, తన అద్దాల బిళ్లలు ఒక్కొక్కటే డిష్ మీద అంటించడం మొదలుపెట్టింది. టీచరమ్మా కూర్చుంది. అరగంటలో డిష్ లోపలంతా అద్దాలు. అప్పటికి పొద్దు పడమటికి వాలి, ఆ నీలం ట్యాంకు మీదికి దిగుతోంది.

నేను డిష్‌ను నిన్నటిలాగే సూర్యుడికి ఎదురుగా నిటారుగా పెట్టాను. అద్దాల వెలుగు చుక్కలన్నీ ఇనుప చెయ్యిని వదిలి ఇంకెక్కడో నేల మీద పడ్డాయి. "ఇగ జర వంచుండ్రి" అందామె. బోల్టు వదులు చేసి మెల్లగా ముందుకు వంచాను. చుక్కలు కదిలాయి. ఇంకా వంచాను. డిష్ మేడ నేలకు దండం పెడుతున్నట్టు వంగేసరికి, చెల్లాచెదురుగా ఉన్న చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇనుప చేతి చివర ఒక్క ముద్దయ్యాయి. అక్కడ నా అరచెయ్యి పెట్టి చూశాను. చురుక్కుమంది.

ఆకాశంలోకి చూడటానికి చేసిన డిష్ అది. మనకు నిటారుగా కనిపించినప్పుడు దాని చూపు పైకే ఉంటుంది. ఎదురింటిని చూడాలంటే అది తల వంచాలి. ఇది ఇప్పుడు మీకు ఫోన్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. నాకు రెండు రోజులు పట్టింది, నేనూ తల వంచాల్సి వచ్చింది.

ఆ వంపును అట్లాగే బిగించి, పొద్దు వాలాక పచ్చడి డబ్బా మళ్లీ బోర్లించి, ట్యాంకు వైపు కొంచెం కొంచెంగా తిప్పాను. మెట్ల గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న టీచరమ్మ, "ఒకటి... రెండు... అన్నా, నాలుగు గీతలు" అంది. మామ లేచి పంచె దులుపుకుని, అద్దాలతో మెరుస్తున్న ఆ వస్తువును కింద నుంచి పైదాకా చూసి, "గిది డిష్ గాదు బిడ్డా, దిష్టి" అన్నాడు. ఎదురు మేడ మీద బట్టలు తీస్తున్న ఆమె నిజంగానే అది దిష్టి తగలకుండా కట్టిందనుకుని, ఏ సాములవారు చెప్పారని అడిగింది.

సోమవారం. తొమ్మిది గంటలకు అన్నీ బాగున్నాయి. పరీక్ష పేజీ తెరుచుకుంది. మొదటి నలుగురు ఇస్త్రీ చీరల్లో వచ్చి కూర్చున్నారు. తొమ్మిది నలభైకి గీతలన్నీ ఒక్కసారి పోయాయి. డిష్ కదల్లేదు, వైర్లు ఊడలేదు. మెట్ల మీదుగా టీచరమ్మ గొంతు వినిపించింది, "అన్నా, పోయింది."

స్కూటర్ వేసుకుని సిస్టర్ ఇంటికి పోయాను. గేటు తీసి ఉంది. తలుపు ముందు నిలబడ్డాను. దానికి పిడికిలంత తాళం వేలాడుతోంది.

వేల సార్లు రాసి ఉంటాను ఆ రెండు ముక్కలు. ఒక పని కోసం పోయి, ఆ పనికి అడ్డంగా నిజం తాళం చూడటం అదే మొదటిసారి. మెట్ల మీద కూలబడ్డాను. దేవుడికి నా రిజిస్టర్ సంగతి తెలుసనిపించింది.

ఫోన్ చేస్తే సిస్టర్ అప్పటికే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది, డ్యూటీకి పోతోంది. "నేను రోజు అన్ని స్విచ్చులు బంద్ జేసే తాళం ఏస్త గదా అన్నా. ఇయ్యాల బంద్ జెయ్యొద్దని నువ్వు చెప్పకపోతివి" అంది. నిజమే. మోడెమ్ జరపమన్నాను, పాస్‌వర్డ్ అడిగాను, చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పలేదు.

"సిస్టర్, నీ డ్యూటీ ఖరాబ్ జేస్తున్న. ఒక్కపారి వెనుకకు రా."

"ఆటోకు గంటయితది ఈ తవ్వకాలల్ల."

ఆటో అక్కర్లేకపోయింది. నా వెనకాలే వచ్చిన మామ, నేను ఫోన్ పెట్టకముందే తన లూనా మీద సగం దూరం పోయాడు. ఆ ముసలి బండి మీద, ఆ గుంతల రోడ్డులో, తెల్ల చీర కట్టిన సిస్టర్‌ను వెనక ఎక్కించుకుని వచ్చిన మామను నేను చచ్చేదాకా మరచిపోను. ఆమె తాళం తీసి స్విచ్ వేసేసరికి పది ఇరవై రెండు. మోడెమ్ దీపాలు ఒక్కొక్కటి వెలిగాయి. టీచరమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "అయ్యింది అన్నా. నలుగురూ లోపలికి పోయిన్రు." సిస్టర్ తాళంచెవి నా చేతిలో పెట్టి, "సాయంత్రం దాక నువ్వే కావలుండు" అంది. ఆమె ఆ రోజు ఆలస్యంగా పోయి ఎవరి చేత మాట పడిందో నేను అడగలేదు. అడగాల్సింది.

సాయంత్రం ఐదింటిదాకా ఆ మోడెమ్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. చివరి బ్యాచ్‌లో ఆ లంబాడా ఆమె రాసింది. నేను తాళంచెవి ఇచ్చి కేంద్రానికి వచ్చేసరికి ఆమె బయట అరుగు మీద కూర్చుని ఉంది. "ఎట్ల రాసినవమ్మా?" అంటే, "కూసోనే రాసిన సార్" అని నవ్వింది. నెల తిరగకముందే ఆమె గార్మెంట్ కంపెనీలో మిషన్ ముందు కూర్చుంది. అది తర్వాతి సంగతి.

అందరూ పోయాక టీచరమ్మ ఛాయ్ పోసిచ్చింది. మామ బయట బీడీ ముట్టించుకున్నాడు. చప్పట్లు కొట్టించుకోవడానికి మంచి సమయం. కానీ ఆ ఛాయ్ తాగబుద్ధి కాలేదు.

"చెల్లె, నీకొక మాట చెప్పాలె. మీ లైను..."

ఆమె తన చిన్న ఫోన్ తీసి, బటన్లు నొక్కి, నా ముందు పెట్టింది. మా ఆఫీసు నుంచి వచ్చిన మెసేజ్. కంప్లయింట్ మూసేశాం, కారణం డోర్ లాక్డ్. కేబుల్ తెగిన రోజు సాయంత్రం వచ్చింది అది.

"ఆ రోజు పొద్దున ఏడింటి నుంచి దీపాలు పెట్టేదాక తలుపు తెరిసే పెట్టిన అన్నా. నువ్వొస్తవని."

ఛాయ్ గ్లాసు కింద పెట్టాను. "మరి ఆఫీసుకు వచ్చిననాడే అడగకపోతివి" అన్నాను.

"అడిగితే నువ్వు మల్ల వస్తుంటివా?"

అంతే అంది. నిష్ఠూరం కూడా లేదు గొంతులో. ఛాయ్ చల్లారుతుంది తాగమంది.

మర్నాడు ఆఫీసుకు పోయి రిజిస్టర్ తీశాను. ఆ వరసలో 'డోర్ లాక్డ్' కొట్టేసి, పక్కన తెలుగులో రాశాను: 'తలుపు తెరిచే ఉంది. నేను పోలేదు.' కింద సంతకం పెట్టాను. ఆ రోజు రాసిన మిగతా వాటికీ అట్లాగే. మా పై ఆఫీసరు పిలిచి, ఇన్నేళ్ల రిజిస్టర్‌లో ఇట్లాంటి ముక్క చూడలేదని, దీన్ని ఏ గడిలో వేయాలో తనకు తెలియడం లేదని తల పట్టుకున్నాడు. మెమో ఇచ్చాడు, తీసుకున్నాను. కానీ మూసిన కంప్లయింట్లు మళ్లీ తెరుచుకోవడంతో రోడ్డు తవ్వే పర్మిషన్ ఆయనే తిరిగి తెచ్చాడు. రెండు వారాలన్నది పది రోజుల్లో వచ్చింది. మామ మళ్లీ గుంతలో దిగాడు, ఈసారి లిస్టు చూడలేదు. దొరికిన ప్రతి తీగనూ కలిపాడు.

చిన్నవాళ్లు మీరు, మీ ఆఫీసుల్లో రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చి ఉంటాయి. వాటిలో కూడా ఎక్కడో ఇట్లాంటి గడి ఒకటి ఉండే ఉంటుంది. నేను చెప్పేదేమీ లేదు. నా సంగతి చెప్పానంతే.

లైను కలిసిన రోజు దాన్ని పరీక్షించడానికి ఆ కేంద్రానికి నేనే పోయాను. మేడ మీద డిష్ తల వంచుకునే ఉంది, ఎండకు అద్దాలు మెరుస్తున్నాయి. కింద తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మిషన్ల చప్పుడు. అయినా గుమ్మంలో నిలబడి మూడు సార్లు తలుపు కొట్టాను.

"ఎవరూ?" అంది టీచరమ్మ మిషన్ ఆపకుండానే.

"టెలిఫోన్ లైన్‌మన్‌ను. మీ కంప్లయింట్ ఉన్నదట, సూసిపోదామని వచ్చిన."

మిషన్ ఆగింది.

"తలుపు తెరిసే ఉన్నది, రా అన్నా" అంది.